ఓడి గెలిచిన తోడేళ్లు

ఐదు సీజన్లు... 68 మ్యాచులు... 58 ఓటములు. గెలిచినవి తొమ్మిదంటే తొమ్మిదే! ఏ లెక్కన చూసినా అది విఫలమైన జట్టే. కానీ ఆ ఓటములే ఓ దేశం ఆటకు ప్రాణం పోశాయి. అంతర్జాతీయ క్లబ్ రగ్బీలోకి జపాన్ పంపిన 'సన్‌వోల్వ్స్' కథ ఇది.

2019 అక్టోబరు 13, ఆదివారం. యొకోహామా స్టేడియంలో జపాన్, స్కాట్లాండ్ తలపడుతున్నాయి. అంతకు ముందురోజే హగిబిస్ తుపాను జపాన్‌ను అతలాకుతలం చేసింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అసలు మ్యాచ్ జరుగుతుందా లేదా అన్నది ఆ ఉదయం దాకా ఎవరికీ తెలియదు. చనిపోయినవారి కోసం మౌనం పాటించి ఆట మొదలుపెట్టారు. ఎనభై నిమిషాల తర్వాత స్కోరు... జపాన్ 28, స్కాట్లాండ్ 21. రగ్బీ ప్రపంచకప్ చరిత్రలో ఓ ఆసియా దేశం క్వార్టర్ ఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి. ఆ మ్యాచ్‌ను జపాన్‌లో 5 కోట్ల మందికి పైగా టీవీల్లో చూశారని వరల్డ్ రగ్బీ లెక్క తేల్చింది.

ఆ 28 పాయింట్లూ సాధించింది నలుగురే. కోతారో మత్సుషిమా, కీతా ఇనగాకి చెరో ట్రై చేశారు. కెంకి ఫుకుఓకా రెండు ట్రైలు చేశాడు. ప్రతి ట్రై తర్వాతా బంతిని గురి తప్పకుండా గోలు మీదుగా తన్నింది యు తమూరా. ఈ నలుగురికీ జాతీయ జట్టే కాకుండా మరో పోలిక ఉంది. నలుగురూ సన్‌వోల్వ్స్ జెర్సీ వేసుకున్నవాళ్లే. వారం వారం చిత్తుగా ఓడిపోయిన ఆ జట్టులో దెబ్బలు తిని రాటుదేలినవాళ్లే!

విచిత్రం ఏమిటంటే, దేశమంతా ఆ విజయానికి సంబరాలు చేసుకుంటున్న రోజుకే సన్‌వోల్వ్స్‌కు మరణశాసనం రాసేసి ఏడు నెలలు కావస్తోంది.

145-17!

సన్‌వోల్వ్స్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1995లోకి వెళ్లాలి. దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్ నగరంలో ఆ ఏడాది జూన్ 4న జపాన్, న్యూజిలాండ్ మధ్య ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్ తన ప్రధాన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చి రెండో వరుస వాళ్లను దించింది. అయినా స్కోరు 145-17. న్యూజిలాండ్ ఏకంగా 21 ట్రైలు చేసింది. రగ్బీ ప్రపంచంలో జపాన్ పేరెత్తితే ఏళ్ల తరబడి అందరికీ గుర్తొచ్చింది ఆ అంకెలే.

అలాగని జపాన్‌కు రగ్బీ కొత్తదేమీ కాదు. 1899లో కేయో విశ్వవిద్యాలయం విద్యార్థులు అక్కడ ఆ ఆట మొదలుపెట్టారు. కాలేజీల మధ్య పోటీలకు జనం విరగబడి వచ్చేవారు. చదువయ్యాక మంచి ఆటగాళ్లను కంపెనీలు ఉద్యోగాల్లోకి తీసుకునేవి. మన దగ్గర రైల్వేలు, స్టేట్ బ్యాంకు క్రీడాకారులకు కొలువులిచ్చినట్టే! తొషిబా, సుంటోరీ, పానసోనిక్, కోబే స్టీల్, టొయోటా, యమహా... ఇలా పెద్ద కంపెనీలన్నింటికీ సొంత జట్లున్నాయి. 2003లో ఈ కంపెనీ జట్లన్నీ కలిసి 'టాప్ లీగ్' పేరుతో పోటీ పడటం మొదలైంది.

జీతం వస్తుంది. ఉద్యోగానికి ఢోకా లేదు. దెబ్బ తగిలి ఆట మానేసినా కంపెనీ చూసుకుంటుంది. అంతా బాగానే ఉంది కానీ, ఒకటే లోటు. ఆడేది ఎప్పుడూ తమలో తామే. న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా ఆటగాళ్ల బలం, వేగం ఎలా ఉంటాయో ప్రపంచకప్‌కు వెళ్లాకే తెలిసేది. అప్పటికి ఆలస్యమైపోయేది. 1987 నుంచి 2011 దాకా ఏడు ప్రపంచకప్పుల్లో జపాన్ 24 మ్యాచులు ఆడింది. గెలిచింది ఒక్కటి... 1991లో జింబాబ్వే మీద!

అలాంటి దేశానికి 2009లో ఓ బాధ్యత దక్కింది. 2019 ప్రపంచకప్ ఆతిథ్య హక్కులు జపాన్‌కు ఇచ్చారు. ఇంటికి అతిథులను పిలిచి అందరి ముందూ తలవంచుకోవాల్సి వస్తే? జపాన్ రగ్బీ సంఘానికి నిద్ర పట్టని ప్రశ్న అది.

రగ్బీ అంటే...

ఒక్కో జట్టులో 15 మంది. ఆట 80 నిమిషాలు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనిస్తే 'ట్రై'. దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోలు కర్రల మధ్య నుంచి తన్నితే మరో 2. పెనాల్టీకి 3, ఆట మధ్యలో డ్రాప్ గోల్ కొడితే 3. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. బంతి ఉన్నవాణ్ని ఎదుటివాళ్లు పట్టి పడేయొచ్చు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టినట్టే! ఇరు జట్లలో ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకునేది 'స్క్రమ్'. ఇందులోనే ఏడుగురితో ఆడే పొట్టి రకం కూడా ఉంది. 2025లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ ఆ పద్ధతిలోదే. అందులో హైదరాబాద్ హీరోస్ పేరుతో మన జట్టూ ఆడింది.

పులుల బోనులోకి...

దక్షిణార్ధగోళంలో 'సూపర్ రగ్బీ' అని ఓ క్లబ్ పోటీ ఉంది. 1996లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లోని 12 జట్లతో మొదలైంది. ఐపీఎల్‌లో నగరాల జట్లు ఆడినట్టు ఇక్కడ ప్రాంతాల జట్లు ఆడతాయి. కాకపోతే అప్పట్లో అవి మూడు దేశాలవి. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లలో చాలామంది నెలల తరబడి అందులో తలపడేవారు. 2013లో ఫుమియాకి తనాకా, షోతా హోరీ అందులో అడుగుపెట్టారు. తనాకా న్యూజిలాండ్‌లోని హైలాండర్స్‌కు, హోరీ ఆస్ట్రేలియాలోని రెబెల్స్‌కు ఆడారు. ఇద్దరు వెళ్తేనే ఇంత నేర్చుకుంటే, ఒక జట్టుకు జట్టే వెళ్తే?

పోటీని 18 జట్లకు పెంచాలని నిర్వాహక సంస్థ శాంజార్ అనుకున్నప్పుడు జపాన్ ముందుకొచ్చింది. సింగపూర్ కూడా పోటీపడింది. 2014 నవంబరులో జపాన్ వైపే మొగ్గారు. అర్జెంటీనా నుంచి 'జాగ్వారెస్' అనే మరో కొత్త జట్టూ 2016 నుంచి ఆడేలా నిర్ణయమైంది. అయితే సన్‌వోల్వ్స్ 'సొంత' మ్యాచుల్లో కొన్నింటిని సింగపూర్‌లో ఆడటం ఆనవాయితీ అయింది. దక్షిణాఫ్రికా జట్లకు ప్రయాణం కాస్త కలిసొస్తుందని!

చోటైతే దొరికింది కానీ ఆటగాళ్లు దొరకడమే గగనమైంది. కంపెనీలో నిలకడైన ఉద్యోగం వదులుకుని, ఎప్పుడూ ఓడిపోయే జట్టులో చేరడానికి ఎంతమంది ముందుకొస్తారు? 2015 వేసవి దాకా జట్టు నిలబడుతుందా అన్న అనుమానం వీడలేదు. దాన్ని ముందుండి నడిపిస్తాడనుకున్న జాతీయ కోచ్ ఎడ్డీ జోన్స్ కూడా ప్రపంచకప్ అవగానే జపాన్ నుంచి వెళ్లిపోతున్నట్టు ప్రకటించాడు.

సరిగ్గా అప్పుడే అద్భుతం జరిగింది. 2015 సెప్టెంబరు 19... ఇంగ్లండ్‌లోని బ్రైటన్. రెండుసార్లు ప్రపంచ విజేత దక్షిణాఫ్రికాతో మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో జపాన్ 29-32తో వెనకబడి ఉంది. పెనాల్టీ దొరికింది. తన్నితే మూడు పాయింట్లు... మ్యాచ్ సమం. దక్షిణాఫ్రికాతో సమం అంటే మాటలా? కానీ కెప్టెన్ మైకేల్ లీచ్ వద్దన్నాడు. స్క్రమ్ కోరాడు. కాసేపటికి కార్న్ హెస్కెత్ మూలన ట్రై చేశాడు. 34-32! పసికూన దెబ్బకు ప్రపంచం నోరెళ్లబెట్టింది. జపాన్ ఆ టోర్నీలో సమోవా, అమెరికాలనూ ఓడించింది. గ్రూపులో మూడు మ్యాచులు గెలిచీ క్వార్టర్స్‌కు చేరని మొట్టమొదటి జట్టుగా ఇంటిదారి పట్టింది.

దేశమంతా రగ్బీ జపం మొదలైంది. కొత్త జట్టుకు అంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా!

లేని తోడేలు పేరు

జట్టుకు పేరు సూచించమని అభిమానులనే అడిగారు. వేల సూచనలు వచ్చాయి. వాటిలోంచి తేలింది 'సన్‌వోల్వ్స్'. సూర్యుడు జపాన్‌కు గుర్తు. మరి తోడేళ్లు? గుంపుగా వేటాడతాయి, ఒకదాన్నొకటి వదలవు. నిజానికి జపాన్ అడవుల్లో ఇప్పుడు తోడేలు లేదు. అక్కడి తోడేలు జాతి చివరిసారి కనిపించింది 1905లో, నారా ప్రాంతంలో. అంతరించిపోయినా దాని మీద భక్తి మాత్రం పోలేదు. టోక్యోకు వాయవ్యంగా ఉన్న చిచిబు కొండల్లోని మిత్సుమినే ఆలయం ముందు కాపలాగా ఇప్పటికీ తోడేలు విగ్రహాలే ఉంటాయి.

సన్‌వోల్వ్స్ సొంత మైదానం పేరు కూడా చిచిబు కావడం భలే కలిసొచ్చింది. టోక్యో నడిబొడ్డున 1947లో తెరిచిన ఈ స్టేడియానికి, రగ్బీని ప్రాణంగా చూసుకున్న చిచిబు యువరాజు చనిపోయాక 1953లో ఆయన పేరు పెట్టారు. ఆయన హిరోహితో చక్రవర్తికి తమ్ముడు.

2016 ఫిబ్రవరి 27న అక్కడే తొలి మ్యాచ్ జరిగింది. కోచ్ న్యూజిలాండ్ మాజీ ఆటగాడు మార్క్ హామెట్. కెప్టెన్ షోతా హోరీ. జట్టంతా ఒకచోట చేరి నెల రోజులు కూడా కాలేదు. బ్రైటన్ వీరుల్లో లీచ్, గొరోమారు లాంటివాళ్లు విదేశీ క్లబ్బులకు ఆడుతున్నారు. ఎదురుగా దక్షిణాఫ్రికాకు చెందిన లయన్స్. అయినా 19 వేల మందికి పైగా వచ్చారు. తోడేళ్లలా ఊళలు వేస్తూ స్టేడియాన్ని మోతెక్కించారు. సన్‌వోల్వ్స్ 13-26తో ఓడింది. తొలి ట్రై కెప్టెన్ హోరీదే. పర్వాలేదు, మొదటి మ్యాచ్ కదా అనుకున్నారంతా. తర్వాతి మ్యాచ్‌లో సింగపూర్‌లో చీతాస్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 31-32తో ఓడింది. ఇదేదో నిలబడేలా ఉందే అనిపించింది.

మళ్లీ అదే ఊరు!

ఏప్రిల్ 15న అదే చీతాస్‌తో వాళ్ల సొంతగడ్డ మీద ఆడాల్సి వచ్చింది. ఆ ఊరు ఏదో ఊహించగలరా? బ్లూమ్‌ఫాంటీన్! 21 ఏళ్ల కిందట జపాన్ పరువు పోయిన చోటే. ఫలితం... 92-17. జపాన్ వైపు అంకె కూడా అదే, పదిహేడు! 'ఈ జట్టుకు ఇక్కడేం పని' అన్న గొంతులు లేచాయి.

ఆ మాటలకు జవాబు ఎనిమిది రోజుల్లోనే వచ్చింది. ఏప్రిల్ 23న టోక్యోలో జాగ్వారెస్ మీద 36-28తో సన్‌వోల్వ్స్ గెలిచింది. జాగ్వారెస్ అంటే ఆషామాషీ జట్టు కాదు. 2015 ప్రపంచకప్‌లో సెమీస్ చేరిన అర్జెంటీనా ఆటగాళ్లే అందులో ఎక్కువ. 92 పాయింట్లు ఇచ్చుకుని, వేల కిలోమీటర్లు విమానంలో తిరిగొచ్చి, వారంలో గెలవడం... ప్రపంచకప్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఈ పాఠం దొరికేది కాదు. ప్రపంచకప్‌లో అంత ఘోరంగా ఓడితే మళ్లీ నిరూపించుకోవడానికి నాలుగేళ్లు ఆగాలి. సూపర్ రగ్బీలో ఏడెనిమిది రోజులే!

అయితే గెలుపు అలవాటేమీ కాలేదు. మొదటి ఏడాది 15 మ్యాచుల్లో ఒక గెలుపు, ఒక డ్రా, 13 ఓటములు. రెండో ఏడాది తొలి మ్యాచే టోక్యోలో హరికేన్స్‌తో... 17-83. జులై 1న జొహన్నెస్‌బర్గ్‌లో లయన్స్ చేతిలో 7-94. మొదటి రెండేళ్లు సన్‌వోల్వ్స్‌ను దక్షిణాఫ్రికా జట్ల గ్రూపులో వేశారు. టోక్యోకూ జొహన్నెస్‌బర్గ్‌కూ మధ్య సుమారు 13,500 కిలోమీటర్ల దూరం. ఏడు గంటల తేడా. అక్కడికి వెళ్లి, ఒళ్లు హూనం చేసుకుని తిరిగొచ్చి, మరో వారానికి మళ్లీ మైదానంలోకి దిగాలి. గాయాలతో సగం జట్టు మారిపోయేది.

అయినా ఆ ఏడాదే బుల్స్ మీద 21-20తో, సీజన్ చివరి మ్యాచ్‌లో న్యూజిలాండ్ జట్టు బ్లూస్ మీద 48-21తో గెలిచింది. లయన్స్ చేతిలో 94 పాయింట్లు ఇచ్చుకున్న రెండు వారాలకే ఈ బ్లూస్ విజయం!

18 జట్లు మరీ ఎక్కువైపోయాయని 2018 నుంచి మూడింటిని తొలగించారు. దాదాపు అట్టడుగున ఉన్న సన్‌వోల్వ్స్‌ను మాత్రం ఉంచారు. పోయినవాటిలో ఒకటి... 92 పాయింట్లతో దాన్ని చితక్కొట్టిన చీతాస్! ప్రపంచకప్ ముంగిట జపాన్ మార్కెట్‌ను వదులుకోవడానికి శాంజార్‌కు మనసొప్పలేదు మరి.

జాతీయ కోచే ఇక్కడా కోచ్

2018లో జపాన్ అసలు ఉద్దేశం బాహాటంగా బయటపడింది. జాతీయ జట్టు కోచ్ జేమీ జోసెఫ్‌కే సన్‌వోల్వ్స్‌నూ అప్పగించారు. ఆయన కథా తమాషాయే. 1995 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌కు ఆడాడు, 1999 ప్రపంచకప్‌లో జపాన్‌కు ఆడాడు. జాతీయ జట్టులో వాడే ఎత్తులూ పద్ధతులే సన్‌వోల్వ్స్‌లోనూ అలవాటు చేశాడు. లీచ్ కూడా స్వదేశీ జట్టులోకి వచ్చేశాడు. అంటే ప్రపంచకప్ కోసం ఏడాదిన్నర ముందు నుంచే, ప్రతి వారం గట్టి ప్రత్యర్థితో అసలుసిసలు కసరత్తన్నమాట.

ఆ ఏడాది మే 12న టోక్యోలో ఆస్ట్రేలియాకు చెందిన రెడ్స్‌ను 63-28తో చిత్తు చేశారు. హేడెన్ పార్కర్ ఒక్కడే 36 పాయింట్లు సాధించాడు. మరుసటి వారం హాంకాంగ్‌లో స్టార్మర్స్‌ను 26-23తో ఓడించారు. ఆఖరి క్షణాల్లో డ్రాప్ గోల్ కొట్టి గెలిపించింది మళ్లీ పార్కరే. సింగపూర్‌లో బుల్స్ మీద 42-37. మొత్తం మూడు విజయాలు. సన్‌వోల్వ్స్ చరిత్రలో అదే గొప్ప సీజన్!

పార్కర్ న్యూజిలాండ్‌వాడు కదా అంటారేమో. నిజమే. జట్టులో న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, టోంగా, ఫిజీ... ఎక్కడెక్కడివాళ్లో ఉండేవారు. అప్పటి రగ్బీ నియమాల ప్రకారం ఓ దేశంలో మూడేళ్లు నివసిస్తే ఆ దేశానికి ఆడొచ్చు. తర్వాత దాన్ని అయిదేళ్లకు పెంచారు. లీచ్ పుట్టింది న్యూజిలాండ్‌లో. తల్లిది ఫిజీ. పదిహేనేళ్ల వయసులో సప్పొరోలో హైస్కూలు చదువుకు వచ్చి అక్కడే ఉండిపోయాడు. 2013లో జపాన్ పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీయులను అంత త్వరగా తమవాళ్లనుకోని దేశంగా పేరున్న జపాన్‌లో, రకరకాల రంగుల, భాషల మనుషులున్న జట్టును జనం నెత్తిన పెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ అలవాటు వారం వారం టీవీలో చేయించింది సన్‌వోల్వ్సే. 2019లో జాతీయ జట్టు 'ఒకటే జట్టు' అన్న నినాదంతో దిగినప్పుడు ఎవరికీ వింతగా అనిపించలేదు.

గెలిచిన నెలలోనే వేటు

2019 మార్చి 2. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో చీఫ్స్‌ను సన్‌వోల్వ్స్ 30-15తో ఓడించింది. ప్రత్యర్థి సొంతగడ్డ మీద దానికి అదే తొలి విజయం. ఒకప్పుడు 145 పాయింట్లు కొట్టిన దేశంలో, వాళ్ల జట్టునే మట్టికరిపించిందన్నమాట!

సరిగ్గా 20 రోజులకు, మార్చి 22న శాంజార్ ప్రకటన వెలువడింది. '2020 సీజన్ తర్వాత సూపర్ రగ్బీలో సన్‌వోల్వ్స్ ఉండదు.'

కారణం డబ్బు. జట్టు కొనసాగాలంటే ఏటా పెద్దమొత్తం కట్టాలని శాంజార్ అడిగింది. అది సుమారు వంద కోట్ల యెన్‌లని అప్పట్లో పత్రికలు రాశాయి. అంటే ఆనాటి మారకంలో మన 60 కోట్ల రూపాయల పైమాటే. అంత భరించలేమని జపాన్ సంఘం చేతులెత్తేసింది. ఇందులో ఎవరిది తప్పు? శాంజార్‌ది అనేవాళ్లున్నారు. దూరాభారం, ఏకపక్ష మ్యాచులు, ప్రసార హక్కుల లెక్కలు... వ్యాపారంగా చూస్తే దాని వాదన దానిది. జపాన్ సంఘాన్నే తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ప్రపంచకప్‌కు ఆటగాళ్లను తయారు చేసుకోవడమే సంఘం లక్ష్యమనీ, ఆ పని దాదాపు పూర్తయ్యాక జట్టు మీద మమకారం తగ్గిందనీ వాళ్ల అభిప్రాయం. దానికి ఆధారమూ చూపిస్తారు. 2019 సీజన్‌లో ప్రధాన ఆటగాళ్లలో చాలామందిని జాతీయ శిబిరానికే పరిమితం చేసి, సన్‌వోల్వ్స్‌ను ఎక్కువగా విదేశీయులతో నడిపించారు.

మధ్యలో నలిగింది ఆటగాళ్లూ, ఊళలు వేసిన అభిమానులూ! పొమ్మన్న వారానికి, మార్చి 29న, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో సన్‌వోల్వ్స్ వరాటాస్‌ను 31-29తో ఓడించింది. మాటల్లో చెప్పలేని నిరసన అది.

ఆ తర్వాత వచ్చిన ప్రపంచకప్ సంగతి తెలిసిందే. రష్యా మీద 30-10. టోర్నీ మొదలయ్యేనాటికి ప్రపంచ నంబర్ వన్ అయిన ఐర్లాండ్ మీద 19-12. సమోవా మీద 38-19. తర్వాత స్కాట్లాండ్. క్వార్టర్స్‌లో 3-26తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది. ఆ దక్షిణాఫ్రికాయే చివరికి కప్పు ఎగరేసుకుపోయింది.

ఖాళీ చేతులతో వీడ్కోలు

2020... ఆఖరి సీజన్ అని అందరికీ తెలుసు. ప్రపంచకప్ తారలు తమ కంపెనీ జట్లకు ఆడుతున్నారు. కుర్రాళ్లు, విదేశీయులతో కొత్త కోచ్ నావొయా ఒకుబో ఎలాగోలా జట్టును కూడగట్టాడు. అప్పుడే వసేదా విశ్వవిద్యాలయానికి కెప్టెన్‌గా జాతీయ కళాశాలల టైటిల్ సాధించిన నావొతో సైతో కూడా అందులో ఉన్నాడు. ఫిబ్రవరి 1న ఫుకుఓకా నగరంలో తొలి మ్యాచ్. రెబెల్స్‌ను 36-27తో ఓడించారు! అయిదేళ్లలో సీజన్‌ను గెలుపుతో మొదలుపెట్టడం అదే మొదలు... అదే చివర కూడా. ఆ జట్టుకు దక్కిన ఆఖరి విజయమూ అదే.

ఫిబ్రవరి 15న టోక్యోలో చీఫ్స్‌తో ఆడి ఓడింది. అదే స్వదేశంలో తమ చివరి మ్యాచ్ అని ఆ రోజు ఎవరికీ తెలియదు. అంతలో కరోనా వచ్చిపడింది. జపాన్‌లో జరగాల్సిన మ్యాచులను ఆస్ట్రేలియాకు మార్చారు. మార్చి 14న టోక్యోలో జరగాల్సిన 'సొంత' మ్యాచ్‌ను బ్రిస్బేన్‌లో ఆడింది. క్రూసేడర్స్ చేతిలో 14-49తో ఓడింది. ఆ వెంటనే సీజన్ ఆగిపోయింది. తర్వాత ఆస్ట్రేలియా జట్లతో విడిగా పెట్టిన పోటీలో ఆడదామన్నా ప్రయాణాలు, క్వారంటైన్ కుదరక జూన్‌లో ఆశ వదులుకున్నారు. వీడ్కోలు మ్యాచ్ లేదు. అభిమానుల ముందు చివరి నమస్కారం లేదు. 2021 జూన్‌లో జాతీయ జట్టుకు సన్నాహకంగా షిజుఒకాలో ఒక్కరోజు మాత్రం ఆ పేరుతో ఓ జట్టు కనిపించి మాయమైంది.

ఏం మిగిలింది?

లెక్క మళ్లీ చూద్దాం. 68 మ్యాచులు, 9 విజయాలు, ఒక డ్రా, 58 ఓటములు. పాయింట్ల పట్టికే కొలమానమైతే ఇంకేం చెప్పక్కర్లేదు. కానీ ఆ పట్టికలో కనపడనివి కొన్ని ఉన్నాయి.

హోరీ, ఇనగాకి, తమూరా, ఫుకుఓకా, మత్సుషిమా, లీచ్... 2019లో దేశాన్ని క్వార్టర్స్‌కు చేర్చిన ఆటగాళ్లకు పెద్ద జట్ల భయం పోయింది ఇక్కడే. ఫుకుఓకా ఆ తర్వాత ఆట వదిలి, చిన్నప్పటి కల కోసం 2021లో వైద్య కళాశాలలో చేరాడు. మత్సుషిమా ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌కు వెళ్లాడు. ఆఖరి సీజన్ కుర్రాడు సైతో జాతీయ జట్టుకు ఎదిగి, 2024లో ఫ్రాన్స్‌లోని ప్రఖ్యాత తులూజ్ క్లబ్‌లో చేరాడు. ఒకప్పుడు జపాన్ ఆటగాడు విదేశీ క్లబ్‌కు ఆడితే అదే పతాక శీర్షిక. ఇప్పుడు అలా లేదు.

విజయం మొత్తం సన్‌వోల్వ్స్ ఖాతాలోనే వేయడమూ సరికాదు. జాతీయ జట్టు నెలల తరబడి చేసిన కఠోర శిబిరాలు, సొంతగడ్డ, అభిమానుల అండ... అన్నీ కలిస్తేనే 2019. కానీ సన్‌వోల్వ్స్ పోయాక ఏం జరిగిందో కూడా చూడాలి. 2023 ప్రపంచకప్‌లో జపాన్ రెండు మ్యాచులే గెలిచి గ్రూపు దశలోనే వెనుదిరిగింది. ఎడ్డీ జోన్స్ తిరిగొచ్చిన 2024లో న్యూజిలాండ్ చేతిలో 19-64, ఫ్రాన్స్ చేతిలో 12-52, ఇంగ్లండ్ చేతిలో 14-59తో ఓడింది. ఆ ఏడాది జట్టులో కొత్త కుర్రాళ్లు ఎక్కువ. అలాంటి కుర్రాళ్లు ఏటా పది పదిహేనుసార్లు గట్టివాళ్లతో తలపడి, ఓడి, నేర్చుకునే చోటు ఇప్పుడు లేదు.

జపాన్ మరో దారి పట్టింది. కంపెనీ జట్ల టాప్ లీగ్‌ను 2022లో 'లీగ్ వన్'గా మార్చి, విదేశీ దిగ్గజాలనే తన గడ్డకు రప్పిస్తోంది. న్యూజిలాండ్ తార రిచీ మొవుంగా తొషిబా జట్టుకు ఆడాడు. లీచ్ కెప్టెన్‌గా తొషిబా 2024, 2025ల్లో వరసగా లీగ్ గెలిచింది. ఆ జట్టు పేరు 'బ్రేవ్ లూపస్'. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు!

తారలను ఇంటికి పిలవడం మంచిదే. ఆట చూడముచ్చటగా ఉంటుంది, స్టేడియాలు నిండుతాయి. అయితే వాళ్ల గడ్డ మీదకు వెళ్లి, వాళ్ల జనం మధ్య, అలసిన ఒంటితో 92 పాయింట్ల దెబ్బ తిని, వారం తిరక్కుండా లేచి నిలబడటం వేరు. ఆ చదువుకు జపాన్ అయిదేళ్లు ఫీజు కట్టింది. 2019లో పట్టా అందుకుంది. ఆ బడి మూతపడ్డాక పుట్టుకొస్తున్న తరం ఆ పాఠాలు ఎక్కడ నేర్చుకుంటుందన్నదే ఇప్పుడు జపాన్ రగ్బీ ముందున్న అసలు ప్రశ్న.